మాడ్యులర్ సింథ్ పాడ్‌కాస్ట్: వెతకడం, వినడం, విన్నది మోగించడం ఎలా?

మాడ్యులర్ సింథసైజర్ అంటే కళ్లతో చూస్తూ, చేత్తో నాబ్‌లు తిప్పుతూ, కేబుల్ ఒకచోట పీకి ఇంకోచోట గుచ్చుతూ నేర్చుకునే వాయిద్యం. పాడ్‌కాస్ట్‌లో చూడ్డానికి ఏమీ ఉండదు. ఇద్దరు కూర్చుని గంటన్నర మాట్లాడుకుంటారు. అందులో సగం మాడ్యూళ్ల, అంటే సింథ్‌లో ఒక్కో పని చేసే విడి భాగాల పేర్లు, మిగతా సగం ఆ మాడ్యూళ్ల ముద్దుపేర్లు. కొత్తగా వినేవాళ్లు పది నిమిషాలకే ‘ఇది మనకు కాదులే’ అని ఆపేస్తారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు.

అయినా వినమనే చెబుతాను. వీడియోలో ఏ కేబుల్ ఎక్కడికి వెళ్లిందో కనిపిస్తుంది కానీ, ఎందుకు వెళ్లిందో చాలాసార్లు తెలియదు. గంటల తరబడి కుస్తీ పట్టిన ప్యాచ్‌ను (కేబుళ్లతో కలిపిన అమరికను) చివరికి ఎందుకు పీకేశారు, ముచ్చటపడి కొన్న మాడ్యూల్‌ను ఎందుకు అమ్మేశారు, స్టేజీ మీద శ్రుతి జారిపోతే ఏం చేశారు, ఇలాంటివన్నీ మనుషులు తీరిగ్గా మాట్లాడుకునేటప్పుడే బయటికొస్తాయి. కాకపోతే పాడ్‌కాస్ట్‌ను పక్కన మోగుతూ ఉండనిస్తే దక్కేది తక్కువ. విన్న ఎపిసోడ్‌లోంచి కనీసం ఒక్క ప్యాచ్ మీ చేతుల్లోకి రావాలి. కింద చెప్పే వరసంతా అందుకే.

1. ముందు ఒక శబ్దం మోగించండి, పాడ్‌కాస్ట్ తరవాత

వెతకడానికి ముందే చేయాల్సిన పని ఇది. చాలామంది దీన్ని దాటేసి నేరుగా వినడానికి కూర్చుంటారు, అక్కడే దెబ్బతింటారు. ఆసిలేటర్ అనే మాట వినగానే చెవిలో ఒక శబ్దం మెదలకపోతే గంటసేపు విన్నా నోట్స్‌లో పదాలే మిగులుతాయి.

దీనికి డబ్బు ఖర్చు పెట్టక్కర్లేదు. 2017లో వచ్చిన వీసీవీ ర్యాక్ అనే సాఫ్ట్‌వేర్‌కు ఉచిత వెర్షన్ ఉంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. తెర మీద అచ్చం యూరోర్యాక్ (మాడ్యూళ్లు బిగించే ఒక ప్రమాణ పద్ధతి) లాంటి పెట్టె, మాడ్యూళ్లు, రంగురంగుల కేబుళ్లు కనిపిస్తాయి. ఇన్‌స్టాల్ చేసుకుని ఇలా చేయండి.

అన్నిటికంటే ముందు కంప్యూటర్ వాల్యూమ్ బాగా తగ్గించండి. సింథ్‌లో కేబుల్ ఒకటి తప్పు చోట గుచ్చితే చెవులు చిల్లులుపడేంత మోత రావచ్చు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉంటే మరీ జాగ్రత్త.

ఖాళీ ప్యాచ్ తెరిచి, ఖాళీ జాగాలో రైట్ క్లిక్ చేస్తే మాడ్యూళ్ల జాబితా వస్తుంది. అందులోంచి వీసీఓ (ఆసిలేటర్), వీసీఎఫ్ (ఫిల్టర్), వీసీఏ (శబ్దాన్ని పెంచి తగ్గించేది), ఏడీఎస్ఆర్ (స్వరం లేచి అణిగే తీరు చెప్పేది), ఎల్ఎఫ్ఓ (నెమ్మదిగా ఊగే వోల్టేజ్ ఇచ్చేది), ఆడియో అనే ఆరింటినీ తెచ్చి వరసగా పెట్టండి. ఆడియో మాడ్యూల్‌లో మీ స్పీకర్‌నో హెడ్‌ఫోన్‌నో ఎంచుకోండి. వీసీఓలో SAW (రంపపు పళ్ల ఆకారపు తరంగం) అని రాసి ఉన్న అవుట్‌పుట్ నుంచి వీసీఎఫ్ ఇన్‌పుట్‌కు ఒక కేబుల్, వీసీఎఫ్‌లోని లో-పాస్ (LPF) అవుట్‌పుట్ నుంచి వీసీఏకు ఒకటి, వీసీఏ నుంచి ఆడియోకు ఒకటి లాగండి. వీసీఏ లెవెల్ మెల్లగా పెంచితే తేనెటీగ గింగురుమన్నట్టు ఆగకుండా ఒక శబ్దం మోగుతుంది. ఆసిలేటర్ అంటే ఇదే. వీసీఎఫ్‌లో కటాఫ్ నాబ్ తిప్పండి. శబ్దం మూసుకుపోయి, మళ్లీ తెరుచుకుంటుంది. ఫిల్టర్ అంటే అది.

ఇప్పుడు ఎల్ఎఫ్ఓ స్క్వేర్ అవుట్‌పుట్‌ను ఏడీఎస్ఆర్ గేట్‌కు (స్వరం ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగాలో చెప్పే ఇన్‌పుట్), ఏడీఎస్ఆర్ అవుట్‌పుట్‌ను వీసీఏ సీవీ (నియంత్రించే వోల్టేజ్) ఇన్‌పుట్‌కు కలపండి. ఆగకుండా మోగే శబ్దం విడివిడి స్వరాలైపోతుంది. కంట్రోల్ కీ నొక్కిపట్టి అదే ఏడీఎస్ఆర్ అవుట్‌పుట్ నుంచి ఇంకో కేబుల్ లాగి ఫిల్టర్ కటాఫ్ ఇన్‌పుట్‌కు గుచ్చండి. ఏమీ మారలేదు కదూ? ఆ ఇన్‌పుట్‌కు సంబంధించిన చిన్న నాబ్ ఒకటుంది, అది సున్నా మీద ఉంటుంది. దాన్ని కుడివైపు తిప్పాకే మార్పు వినిపిస్తుంది. కేబుల్ గుచ్చడం సగం పనే, ఎంత వోల్టేజ్ లోపలికి పోవాలో చెప్పడం మిగతా సగం. కుళాయి పైపు బిగించినంత మాత్రాన నీళ్లు రావు, తిప్పాలి. పాడ్‌కాస్ట్‌ల్లో మాటమాటకీ వినిపించే అటెన్యుయేటర్ ఆ కుళాయే.

ఈ చిన్న ప్యాచ్ సేవ్ చేసి ఉంచుకోండి. ఇక ముందు వినే ప్రతి మాటనూ దీనిమీదే పరీక్షించుకోవచ్చు.

2. వెతికేటప్పుడు పేర్లతో వెతకండి

పాడ్‌కాస్ట్ యాప్‌లో మాడ్యులర్ అని ఒక్క మాట కొట్టి చూడండి. ఇళ్ల నిర్మాణం, అణు రియాక్టర్లు, సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్చర్, అన్నీ వస్తాయి, మీకు కావాల్సింది తప్ప. సింథ్ అని కొడితే పాటల మిక్స్‌లు వరస కడతాయి. ఈ రంగంలో పనికొచ్చేవి మనుషుల పేర్లు, కంపెనీల పేర్లు, మాడ్యూళ్ల పేర్లు. అదీ ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో, షోల దగ్గర కాదు, ఎపిసోడ్‌ల దగ్గర వెతకాలి. చాలా యాప్‌లు షోలకూ ఎపిసోడ్‌లకూ విడివిడిగా ఫలితాలు చూపిస్తాయి.

ఏ పేర్లు? రాబర్ట్ మోగ్, డాన్ బుక్లా పేర్లతో మొదలుపెట్టండి. 1960ల మధ్యలో ఒకరు న్యూయార్క్ రాష్ట్రంలో, మరొకరు శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో, ఎవరిదారిన వారు వోల్టేజ్‌తో నడిచే సింథసైజర్లు తయారుచేశారు. మోగ్ దారిలో నిండుగా ఉండే శబ్దాన్ని ఫిల్టర్‌తో కోసుకుంటూ పోతారు, కీబోర్డుతో వాయిస్తారు. బుక్లాకు మామూలు పియానో కీబోర్డు అంటే సరిపడేది కాదు. ఆయన పద్ధతిలో సాదా శబ్దాన్ని మడిచి, కలిపి సంక్లిష్టం చేస్తారు. పాడ్‌కాస్ట్‌లో ఎవరైనా ఈస్ట్ కోస్ట్, వెస్ట్ కోస్ట్ అంటే ఈ రెండు దారుల గురించే. ఇది తెలియక అమెరికా భూగోళం మాట్లాడుకుంటున్నారేమో అనుకునేవాళ్లున్నారు.

ఇంకా: బుక్లా వాయిద్యంతో పేరు తెచ్చుకున్న సుజాన్ చియానీ, 1990ల మధ్యలో యూరోర్యాక్ పద్ధతికి పునాది వేసిన జర్మన్ ఇంజినీర్ డీటర్ డోప్ఫర్, మేక్ నాయిస్ కంపెనీ పెట్టిన టోనీ రొలాండో, మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ నడిపిన ఎమిలీ జిలే. వీళ్లలో ఎవరి పేరు కొట్టినా ఏదో ఒక సింథ్ పాడ్‌కాస్ట్ తగులుతుంది. ఆ ఎపిసోడ్ ఏ షోలోదో చూసి, ఆ షో లోపలికి వెళ్లండి.

నేరుగా కొన్ని షోల పేర్లు కావాలంటే: మైలార్ మెలడీస్ నడిపే ‘వై వీ బ్లీప్’లో వాయించేవాళ్లతో, తయారుచేసేవాళ్లతో సుదీర్ఘ సంభాషణలుంటాయి. టిమ్ హెల్డ్ ‘పొడ్యులర్ మాడ్‌కాస్ట్’ పేరుకు తగ్గట్టే మాడ్యులర్ మీదే ఉంటుంది. ‘సోనిక్ టాక్’ నలుగురు కూర్చుని కొత్త పరికరాల కబుర్లు చెప్పుకునే షో. డార్విన్ గ్రోస్ చేసిన ‘ఆర్ట్ ప్లస్ మ్యూజిక్ ప్లస్ టెక్నాలజీ’ని నేను వీటన్నిటికంటే ఒక మెట్టు పైన పెడతాను. ఆయన ఇప్పుడు లేరు, కొత్త ఎపిసోడ్‌లు రావు. కానీ ఎదుటి మనిషి ఈ రంగంలోకి ఎలా వచ్చాడో మొదట్నుంచీ చెప్పించే ఓపిక ఆయనకున్నంతగా వేరేవాళ్లలో నాకు కనిపించలేదు.

3. జల్లెడ పట్టడం

దొరికిన షోలన్నీ సబ్‌స్క్రైబ్ చేయకండి. ఒక్కో షో నుంచి ఒక ఎపిసోడ్ తీసుకుని, మొదటి నుంచి కాకుండా మధ్యలోంచి పది నిమిషాలు వినండి. మొదట్లో ఎలాగూ పరిచయాలు, స్పాన్సర్లు, వాతావరణం కబుర్లే. మధ్యలో మాట్లాడేది మాడ్యూల్ కొనడం గురించా, వాడడం గురించా అన్నది గమనించండి. “అది తీసుకున్నా, సూపర్‌గా ఉంది” అన్న చోట ఆగిపోయే షో మీకేమీ నేర్పదు. “దాని అవుట్‌పుట్‌ను తిరిగి దాని ఇన్‌పుట్‌కే ఇచ్చి చూశా, అప్పుడు ఇలా మోగింది” అనే షో పట్టుకోండి. మాట్లాడి ఊరుకోకుండా శబ్దం వినిపించే షో అయితే ఇంకా మంచిది.

తేదీ కూడా చూడండి, అయితే పాతదని తోసేయడానికి కాదు. వార్తల ఎపిసోడ్‌లు త్వరగా పాతబడిపోతాయి. బెర్లిన్‌లో సూపర్‌బూత్ ప్రదర్శన సాధారణంగా మే నెలలో జరుగుతుంది. ఆ రోజుల్లో వచ్చే ఎపిసోడ్‌లనిండా కొత్త మాడ్యూళ్ల జాతరే. ఏడాది తిరిగాక వాటితో పనిలేదు. ఇంటర్వ్యూలు, ప్యాచింగ్ మెలకువలు చెప్పే ఎపిసోడ్‌లు మాత్రం పదేళ్ల తరవాత విన్నా చెక్కుచెదరవు. వోల్టేజ్ అప్పుడూ వోల్టేజే, ఇప్పుడూ వోల్టేజే.

పాత ఎపిసోడ్‌లలో ఒక చిక్కు ఎదురవుతుంది: మార్కెట్లో లేని మాడ్యూళ్ల పేర్లు. ముఖ్యంగా ప్లెయిట్స్, రింగ్స్, క్లౌడ్స్, మార్బుల్స్ అనే పేర్లు మాటిమాటికీ వినిపిస్తాయి. అవన్నీ మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్‌వి. ఎమిలీ జిలే ఆ కంపెనీని 2022లో మూసేశారు. కంగారు పడక్కర్లేదు. ఆవిడ డిజైన్లను ఓపెన్ సోర్స్‌గా ఇచ్చారు కాబట్టి వీసీవీ ర్యాక్ లైబ్రరీలో ఆడిబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే పేరు కింద అవే ఉచితంగా దొరుకుతాయి. పేర్లు మాత్రం మారాయి: ప్లెయిట్స్ అక్కడ మాక్రో ఆసిలేటర్ 2, రింగ్స్ రెజొనేటర్, క్లౌడ్స్ టెక్స్చర్ సింథసైజర్, మార్బుల్స్ ర్యాండమ్ శాంప్లర్. ఈ నాలుగూ గుర్తుపెట్టుకుంటే పాత ఎపిసోడ్‌లలో చాలా భాగం మీరు చేసి చూడగలిగేవే అవుతాయి. లైబ్రరీకి ఉచిత అకౌంట్ ఒకటి తెరవాలి, అంతే.

షోలు రెండు చాలు. ఒకటి మనుషుల కథలకు, ఇంకోటి మెలకువలకు. అంతకు మించితే యాప్‌లో వినని ఎపిసోడ్‌ల అంకె పెరుగుతుంటుంది, దాంతోపాటు టెన్షనూ పెరుగుతుంది.

4. యాప్‌ను సరిచేసుకోండి

పాడ్‌కాస్ట్ యాప్‌లు తయారైంది మాటల కోసం. సంగీతం మోగేచోట వాటి తెలివితేటలు అడ్డం వస్తాయి. నిశ్శబ్దాన్ని కత్తిరించే సెట్టింగ్ చాలా యాప్‌లలో ఉంటుంది, ఈ షోలకు దాన్ని ఆపేయండి. లేకపోతే రివర్బ్ (శబ్దం ఆగాక మిగిలే ప్రతిధ్వని) మెల్లగా అణిగిపోతూ ఉండగానే యాప్ దాన్ని నిశ్శబ్దం అనుకుని కోసేస్తుంది. లయ మధ్యలో ఉండే ఖాళీల గతీ అంతే. గొంతును పెంచి చూపే సెట్టింగ్ కూడా తీసేయండి, చిన్న పెద్ద శబ్దాల తేడాను అది చదును చేస్తుంది.

వేగం గురించి: మాటలు నడిచేటప్పుడు 1.25 రెట్లు పెట్టుకున్నా ఫరవాలేదు. శబ్దం వినిపించేటప్పుడు మాత్రం 1 దగ్గరే ఉండాలి. వేగం పెంచి, పిచ్ మారకుండా చూడ్డానికి యాప్ శబ్దాన్ని ముక్కలు చేసి మళ్లీ అతుకుతుంది. మాటలో అది తెలియదు. నెమ్మదిగా తెరుచుకునే ఫిల్టర్ మీద గరగరమని తెలిసిపోతుంది.

హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. చాలా ఫోన్ స్పీకర్లు 200 హెర్ట్జ్‌కు కిందుండే శబ్దాన్ని సరిగా వినిపించలేవు. బేస్ గురించి మాట్లాడుతుంటే మీకు వినపడేది దాని నీడే. ఇక షో నోట్స్ తెరిచి పక్కన పెట్టుకోండి. మాడ్యూళ్ల పేర్ల స్పెల్లింగ్ అక్కడే ఉంటుంది. ఇంగ్లిష్ యాస అందకపోతే ట్రాన్స్‌క్రిప్ట్ చూపించే యాప్‌లున్నాయి, యాపిల్ పాడ్‌కాస్ట్స్‌లో 2024 నుంచి అది ఉంది. కాకపోతే అది మాడ్యూళ్ల పేర్లను వింత వింతగా రాస్తుంది, నవ్వుకుని వదిలేయండి.

5. వినడం: రెండు విడతలు

మొదటి విడత ఎక్కడైనా వినొచ్చు, నడుస్తూనో పని చేసుకుంటూనో. ఏమీ రాసుకోవద్దు. చెవి నిక్కబొడుచుకున్న చోట మాత్రం టైమ్ గుర్తుపెట్టుకోండి, లేదా యాప్‌లో బుక్‌మార్క్ పెట్టండి. ఒక ఎపిసోడ్‌కు ఒకటో రెండో గుర్తులు వస్తే గొప్ప.

రెండో విడత కంప్యూటర్ ముందు, ఆ గుర్తు పెట్టిన చోట మాత్రమే. అయిదు నిమిషాల ముక్క అయితే అయిదు నిమిషాలే. ఆ ముక్కలో సాధారణంగా ఇలాంటి వాక్యం ఒకటి ఉంటుంది:

“ఎన్వలప్‌ను మల్ట్ చేసి ఒకటి ఫిల్టర్‌కి ఇచ్చా, రెండోది అటెన్యువర్టర్‌లో తిరగేసి వేవ్‌ఫోల్డర్‌కి ఇచ్చా, పిచ్ మాత్రం శాంపిల్ అండ్ హోల్డ్ నుంచి క్వాంటైజర్‌లోకి.”

ఒక్క గుక్కలో చెప్పేస్తారు. విప్పి చూస్తే అందులో అయిదు పనులున్నాయి.

ఎన్వలప్ మీరు ఇప్పటికే వాడిన ఏడీఎస్ఆరే. గేట్ అందగానే పైకి లేచి, గేట్ పోగానే కిందికి దిగే వోల్టేజ్. మల్ట్ చేయడం అంటే ఒకే సిగ్నల్‌ను రెండు మూడు చోట్లకు పంచడం. సాఫ్ట్‌వేర్‌లో కంట్రోల్ కీ నొక్కిపట్టి అవుట్‌పుట్ నుంచి ఇంకో కేబుల్ లాగితే సరిపోతుంది. హార్డ్‌వేర్‌లో అందుకు సాధారణంగా ఒక మాడ్యూల్ వాడతారు. పిచ్ వోల్టేజ్‌ను పంచాలంటే బఫర్ (వోల్టేజ్ తగ్గకుండా కాచే సర్క్యూట్) ఉన్న మల్ట్ వాడడం మేలు. మామూలు మల్ట్‌లో వోల్టేజ్ కాస్త తగ్గినా శ్రుతి పోతుంది. యూరోర్యాక్‌లో ఆక్టేవ్‌కు (షడ్జం నుంచి పై షడ్జం దాకా) 1 వోల్టు, అంటే స్వరానికీ స్వరానికీ మధ్య అర మెట్టుకు సుమారు 0.083 వోల్టు. అందులో కొంచెం తేడా వచ్చినా చెవి పట్టేస్తుంది.

అటెన్యువర్టర్ రెండువైపులా తిరిగే కుళాయి. నడిమిలో సున్నా, కుడివైపు మామూలుగా, ఎడమవైపు తలకిందులుగా. తలకిందులైన ఎన్వలప్ పైకి లేవాల్సిన చోట కిందికి దిగుతుంది. వేవ్‌ఫోల్డర్ తరంగపు కొన హద్దు దాటినప్పుడు దాన్ని లోపలికి మడుస్తుంది. మడతలు పెరిగేకొద్దీ శబ్దానికి పదును వస్తుంది. ఇప్పుడు మొత్తం కలిపి చూడండి: ఫిల్టర్ తెరుచుకుంటూ ఉంటే మడతలు విప్పుకుంటాయి, ఫిల్టర్ మూసుకుంటూ ఉంటే మడతలు పెరుగుతాయి. రెండూ ఒకదానికొకటి ఎదురు నడుస్తాయి కాబట్టి స్వరం మొదలు నుంచి చివరిదాకా రంగు మారుతూనే ఉంటుంది. ఒకే ఎన్వలప్‌తో ఇంత జరిగింది. ఇలాంటి పొదుపు చూశాకే మాడ్యులర్ మీద మనసు పడుతుంది, మెరిసే లైట్లు చూసి కాదు.

శాంపిల్ అండ్ హోల్డ్ ట్రిగర్ (క్షణకాలపు వోల్టేజ్ తట్టు) పడిన క్షణాన ఎంత వోల్టేజ్ ఉందో అంత పట్టుకుని, మళ్లీ ట్రిగర్ పడేదాకా వదలదు. క్వాంటైజర్ ఆ వోల్టేజ్‌ను దగ్గర్లో ఉన్న స్వరానికి సర్దుతుంది.

6. విన్నది మోగించండి

మీ దగ్గర లేని మాడ్యూల్ దగ్గర ఆగిపోవద్దు. వేవ్‌ఫోల్డర్ లేదా? వదిలేయండి. ఆ వాక్యంలో ఉన్న ఆలోచన ‘రెండు మార్పులు ఎదురెదురుగా నడవాలి’ అన్నది, వేవ్‌ఫోల్డర్ కాదు. వీసీఓలో స్క్వేర్ అవుట్‌పుట్ వాడి, తలకిందులైన ఎన్వలప్‌ను పల్స్ విడ్త్ (స్క్వేర్ తరంగపు వెడల్పు) ఇన్‌పుట్‌కు ఇచ్చినా పని జరుగుతుంది. అక్కడా చిన్న నాబ్ ఉంటుంది, దాన్ని ఎడమవైపు తిప్పితే తలకిందులు చేసే పని అదే చేస్తుంది.

మొదట దాచుకున్న ప్యాచ్ తెరవండి. ర్యాండమ్ (ఇక్కడ శాంపిల్ అండ్ హోల్డ్ పని ఇదే చేస్తుంది), క్వాంటైజర్, ఇంకో వీసీఏ తెచ్చి పెట్టండి. ఎల్ఎఫ్ఓ స్క్వేర్ నుంచి ఇంకో కేబుల్ లాగి ర్యాండమ్ ట్రిగర్‌కు ఇవ్వండి. గేట్, కొత్త స్వరం రెండూ ఒకేసారి పడాలంటే ఇది కావాలి. ర్యాండమ్‌లో మెట్లుమెట్లుగా మారే స్టెప్ అవుట్‌పుట్‌ను రెండో వీసీఏలోకి, అక్కడి నుంచి క్వాంటైజర్‌లోకి, క్వాంటైజర్ నుంచి వీసీఓ పిచ్ ఇన్‌పుట్‌కు పంపండి.

మధ్యలో ఆ వీసీఏ ఎందుకంటే, ర్యాండమ్ ఇచ్చే వోల్టేజ్ మొత్తం 10 వోల్టుల మేర అటూ ఇటూ తిరుగుతుంది. ఆక్టేవ్‌కు 1 వోల్టు లెక్కన అది 10 ఆక్టేవ్‌లు, మనిషి చెవి వినగల శబ్దాల పరిధి అంతా కలిపినా దాదాపు అంతే. అలా వదిలేస్తే పురుగు గొంతుతో ఒక స్వరం, పాతాళంలోంచి ఇంకో స్వరం వస్తాయి. వీసీఏ లెవెల్ 20 శాతానికి తగ్గిస్తే 2 ఆక్టేవ్‌ల లోపల సర్దుకుంటుంది.

క్వాంటైజర్ మీద పన్నెండు బటన్లుంటాయి. సి, డి, ఇ, జి, ఏ అనే అయిదింటిని మాత్రం వెలిగించి మిగతావి ఆపండి. సి షడ్జం అనుకుంటే ఇవి మోహన రాగం స్వరాలే. ఈ అయిదింటిలో ఏది తరవాత ఏది వచ్చినా చెవికి గుచ్చుకోదు. అందుకే యాదృచ్ఛికంగా నడిచే ప్యాచ్‌లకు కొత్తవాళ్లు దీంతో మొదలుపెట్టడం మేలు. ఎల్ఎఫ్ఓ వేగం తగ్గించి, ఏడీఎస్ఆర్‌లో రిలీజ్ పెంచి కాసేపు వినండి. దాని మానాన అది వాయించుకుంటూ పోతుంది. పాడ్‌కాస్ట్‌ల్లో జెనరేటివ్ ప్యాచ్ అని పదేపదే వినిపించేది దీని పెద్దన్నలే.

ఏమీ వినపడకపోతే శబ్దం బయటికొచ్చే చోటి నుంచి వెనక్కి రండి. ఆడియో మాడ్యూల్‌లో పరికరం ఎంచుకున్నారా, వీసీఏకు ఎన్వలప్ అందుతోందా, ఫిల్టర్ పూర్తిగా మూసుకుపోయి ఉందా. అప్పటికీ తెలియకపోతే స్కోప్ అనే మాడ్యూల్ తెచ్చి ఒక్కో కేబుల్‌నూ దానిలో గుచ్చి చూడండి. గీత కదలని చోటే తేడా ఉంది.

బాగా మోగిందనుకున్నాక రెండు నిమిషాలు రికార్డు చేయండి, ఉచిత రికార్డర్ మాడ్యూల్ లైబ్రరీలో ఉంది. ప్యాచ్ ఫైల్‌కు షో పేరు, ఎపిసోడ్ నంబరు, నిమిషం కలిపి పేరు పెట్టండి. ‘టెస్ట్ ఫైనల్ 3’ లాంటి పేర్లు పెడితే నెల తరవాత అది ఏమిటో మీకే తెలియదు.

7. జేబు జాగ్రత్త

ఈ పాడ్‌కాస్ట్‌లకు స్పాన్సర్లు ఎక్కువగా మాడ్యూళ్లు తయారుచేసే కంపెనీలో, అమ్మే షాపులో. అతిథుల్లోనూ చాలామంది తమ సరుకు గురించి చెప్పుకోవడానికి వచ్చినవాళ్లే. అందులో మోసమేమీ లేదు, తయారుచేసినవాడికంటే ఆ మాడ్యూల్ గురించి బాగా చెప్పేవాడు ఎవడుంటాడు! కానీ గంట విన్నాక అది లేకుండా సంగీతమే చేయలేమేమో అనిపించడం ఖాయం. ఆ వేడి చల్లారేదాకా కొనే మాట ఎత్తకండి. అదే పని చేసే ఉచిత మాడ్యూల్‌ను సాఫ్ట్‌వేర్‌లో మూడు నాలుగు వేర్వేరు ప్యాచ్‌లలో వాడండి. అప్పటికీ చేయి దానివైపే పోతుంటే అప్పుడు ఆలోచించండి.

హార్డ్‌వేర్ వైపు వెళ్లడం ఖాయమైతే మాడ్యులర్‌గ్రిడ్ అనే వెబ్‌సైట్‌లో ముందు కాగితం మీద గీసినట్టు పెట్టె సర్దుకోండి. మాడ్యూల్ వెడల్పును హెచ్‌పీలలో కొలుస్తారు, ఒక హెచ్‌పీ 5.08 మిల్లీమీటర్లు. మామూలుగా కనిపించే 84 హెచ్‌పీ వరస 43 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. ఎత్తు అన్నిటికీ ఒకటే, 128.5 మిల్లీమీటర్లు. చాలామంది జాగా మాత్రమే చూసుకుని కరెంటు లెక్క మరిచిపోతారు. ప్లస్ 12, మైనస్ 12 వోల్టులు, కొన్ని మాడ్యూళ్లకు 5 వోల్టులు, ఒక్కోదాని మీద ఎన్ని మిల్లీ ఆంపియర్లు పడుతున్నాయో విడిగా కూడి, పవర్ సప్లై సామర్థ్యం కంటే బాగా తక్కువగా ఉండేలా చూసుకోవాలి. రిబ్బన్ కేబుల్ మీద ఎర్ర గీత మైనస్ 12 వోల్టుల వైపు ఉండాలి. తిరగేసి గుచ్చితే, రక్షణ సర్క్యూట్ లేని మాడ్యూల్ స్విచ్ వేసిన మరుక్షణమే కాలిపోవచ్చు. ఈ మాట పాడ్‌కాస్ట్‌లో ఎవరో ఒకరు నవ్వుతూ చెబుతారు, ఆ రోజు వాళ్లు నవ్వి ఉండరు.

8. నచ్చిన ఎపిసోడ్‌లను దించి పెట్టుకోండి

ఇలాంటి షోలు ఎక్కువగా ఒకరిద్దరు సరదాగా నడిపేవి. ఉద్యోగం మారినా, ఓపిక అయిపోయినా ఆగిపోతాయి. ఎపిసోడ్‌లు ఉంచిన సర్వర్‌కు డబ్బు కట్టడం మానేస్తే ఫీడ్‌తో సహా మాయమవుతాయి. యాప్‌లో డౌన్‌లోడ్ నొక్కడం దీనికి సరిపోదు, విన్న కొన్నాళ్లకు చాలా యాప్‌లు ఆ ఫైల్‌ను వాటంతటవే తుడిచేస్తాయి. షో వెబ్‌సైట్‌లో డౌన్‌లోడ్ లింకు ఉంటే, మీ సొంతానికి ఆడియో ఫైల్‌ను కంప్యూటర్‌లోకి దించుకోండి. షో నోట్స్ కాపీ చేసి దాంతోపాటే ఒక టెక్స్ట్ ఫైల్‌లో పెట్టండి, నోట్స్ లేకపోతే ఏడాది తరవాత మాడ్యూళ్ల పేర్లు గుర్తుపట్టడం కష్టం. ఆ ఎపిసోడ్ విని మీరు చేసిన ప్యాచ్, రికార్డింగ్ కూడా అదే ఫోల్డర్‌లో ఉంచండి.